ఫాకుందా పిడికిలి, బాసిలియా విత్తనం

ఫాకుందా లైమె కుడిచేతి మధ్యవేలు వంకర. పెళ్ళికాక ముందు ఒక క్రిస్మస్ బరిలో పశువుల బేరగాడి కూతురి దవడ మీద గుద్దినప్పుడు ఆ వేలు విరిగింది. ఆ పిల్ల దవడా విరిగింది. దవడ అతుక్కుంది, వేలు అతుక్కోలేదు. ఎవరైనా దాని గురించి అడిగితే ఫాకుందా చెయ్యి శాలువాలో దాచుకునే రకం కాదు, వాళ్ళ ముక్కు దాకా తెచ్చి చూపించేది. "దాని ఎముకే గట్టిది. మంచి పిల్ల," అనేది. ఒక మనిషిని మెచ్చుకోవడం ఆమెకు అలాగే వచ్చు.

మా పుకావైకో లోయలో కోర్టు మీద ఎవరికీ నమ్మకం లేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ముసలివాళ్ళై తిరిగొస్తారు. మాకు క్రిస్మస్ ఉంది. ఏడాది పొడుగునా పళ్ళ బిగువున దాచుకున్నవన్నీ, గొర్రె దొంగతనం కానీ, జరిగిన సరిహద్దు రాయి కానీ, ఇంకొకడి పెళ్ళాం మీద పడ్డ కన్ను కానీ, ఆ రోజు గుడి ముందు మైదానంలో తేల్చుకుంటాం. తగాదా ఉన్నవాళ్ళు బరిలోకి వచ్చి, కారణం అందరికీ వినపడేలా అరిచి, ఎదుటి మనిషిని పేరు పెట్టి పిలవాలి. పడ్డవాళ్ళను కొట్టకూడదు, జుట్టు పట్టకూడదు, కొరకకూడదు. కొరడాలు పట్టుకున్న పెద్దలు చూస్తుంటారు. అయిపోయాక ఇద్దరూ కావిలించుకోవాలి. కావిలించుకున్నాక ఆ తగాదా చచ్చిపోయినట్టే. మళ్ళీ దాని ఊసెత్తినవాళ్ళకు లోయలో నిలువ నీడ ఉండదు.

ఫాకుందా చిన్నప్పటినుంచీ దెబ్బల మధ్యే పెరిగింది. ఆమె తండ్రికి తాగినప్పుడు చేతులు ఊరుకునేవి కావు. ఒక కరువు ఏడాది అతను పొయ్యి మీద వేలాడదీసిన విత్తనపు కంకులు దింపి ఉడకబెట్టమన్నాడు. అవి చారల కంకులు. పాలరంగు గింజ మీద సన్నటి ఎర్ర గీతలు పైనుంచి కిందికి కారినట్టు ఉంటాయి. మావాళ్ళు వాటిని నెత్తుటిచార అంటారు. ఫాకుందా తల్లి కంకులకు అడ్డం నిలబడింది. పక్కటెముక విరిగింది గానీ కంకులు దిగలేదు. అప్పటికి ఫాకుందా ఎదిగిన పిల్ల. తండ్రిని రెండు చేతులా ఎత్తి గడప అవతల రాళ్ళ మీద పడేసింది. ఆయన మళ్ళీ ఆ ఇంట్లో చెయ్యెత్తలేదు. తల్లి పోతూ పోతూ కూతురికి ఇచ్చింది ఆ కంకుల దండ ఒక్కటే. లోయలో ఇంకెవరి దగ్గరా అది లేదు.

బాసిలియా వల్యా కథ వేరు. ఆమెది కొండకు అవతల ఇంకో ఊరు. ఒక వానాకాలం అక్క పురుడికని, చంకన విత్తనపు మొక్కజొన్న మూటతో మా లోయకు వచ్చింది. ఆ వారమే వాళ్ళ కొండ విరిగి ఊరి మీద పడింది. ఇళ్ళూ, మళ్ళూ, మనుషులూ మట్టి కింద ఉండిపోయారు. మిగిలింది బాసిలియా, ఆ మూట. బాలింతకు జావ కాచి పోద్దామని తెచ్చిన గింజలను ఆమె కాచలేదు, నాటింది. ఇక్కడే మనువాడి ఉండిపోయింది. అవి నల్లటి ద్రాక్షరంగు కంకులు. తుడిస్తే గాజులా మెరుస్తాయి. అందరూ ద్రాక్షకంకి అనేవారు.

ఈ ఇద్దరూ శత్రువులు కారు. ఫాకుందా కొడుక్కి తొలిజుట్టు కత్తిరించింది బాసిలియాయే. ఆ కత్తెర ఆడిన రోజునుంచీ వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొమాద్రె. మాకు తోడబుట్టిన అక్కాచెల్లెళ్ళయినా తిట్టుకోవచ్చు, కొమాద్రెలు తిట్టుకోకూడదు. కొట్టుకున్నవాళ్ళ పొలంలో వడగళ్ళు పడతాయంటారు. వాళ్ళు ఒకే కుండలో చిచా, అదే మొక్కజొన్న కల్లు, తాగారు, ఒకరి పురుళ్ళు ఒకరు పోసుకున్నారు, ఒకరి మొగుడిని ఇంకొకరు వెక్కిరించుకున్నారు. ఫాకుందా మొగుడు హిలారియో పొట్టివాడు, నవ్వుమొహం, జీవితంలో ఒక్కసారీ బరిలో దిగనివాడు. "మా ఇంట్లో పిడికిళ్ళు ఆవిడవి, కాళ్ళు నావి. నేను పరిగెత్తుతాను," అనేవాడు.

ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టింది అందం. ఫాకుందా కొడుక్కి పెళ్ళి చేసిన ఏడు, కోతలప్పుడు కుస్కో పట్నం నుంచి ఒక బేరగత్తె వచ్చింది. హోటళ్ళలో, దుకాణాల గుమ్మాల మీద వేలాడదీసే కంకుల దండలు అమ్ముకునే మనిషి. రెండు కంకులూ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"రెండూ బాగున్నాయి గానీ నాకు ఈ లోయ నుంచి ఒకటే కావాలి. ఒకే రకం, ఊరంతా వెయ్యాలి. ఏది మీ నేలకు నప్పుతుందో, ఏది ఎక్కువ కాస్తుందో మీరే వేసి చూడండి. వచ్చే కోతలకి వచ్చి ఎంచుకుంటా," అని చెప్పి పోయింది.

ఊరంతా ఒకే రకం వేస్తే రెండోదానికి చోటుండదు. గాలి పుప్పొడి మోస్తుంది కదా, పక్కపక్కన ఉంటే రెండూ పాడవుతాయి. ఎంచుకోని విత్తనం మెల్లగా చచ్చిపోతుందని ఇద్దరికీ తెలుసు.

కొరడా పెద్ద తొరిబియో గుడి వెనక రెండు మెట్ల మళ్ళు ఇచ్చాడు. మన్ను లోతుగా ఉంటుందని కింది మడి ఫాకుందాయే అడిగి తీసుకుంది. పైది బాసిలియాకు వచ్చింది. ఊరికి ఆ ఏడంతా అదే కాలక్షేపం. ఫాకుందా చొప్ప మనిషిని మించి పెరిగింది, ఆకు చూస్తే కడుపు నిండేది, కానీ ఫిబ్రవరి గాలులకు సగం సాళ్ళు ఒరిగిపోయాయి. చొప్పకు ఒకటే కంకి. బాసిలియా మొక్క నడుము దాటలేదు, గాలికి చెక్కుచెదరలేదు, చొప్పకు రెండేసి కంకులు వేసి, మంచు పడకముందే ఎండిపోయింది.

"నీది మరుగుజ్జు సంత, కొమాద్రె," అంది ఫాకుందా గోడ మీద కూర్చుని.

"నీది తాగుబోతుల ఊరేగింపు. నిలబడ్డది ఎన్ని, పడుకున్నది ఎన్ని?" అంది బాసిలియా. ఇద్దరూ నవ్వుకున్నారు. అదే వాళ్ళు కలిసి నవ్విన చివరి నవ్వు.

కోతల నాడు బేరగత్తె కళ్ళంలో కూర్చుంది. బాసిలియా రాశి పెద్దది, ఫాకుందా రాశి దానిలో సగం. అయినా బేరగత్తె ఫాకుందా మొదటి కంకి ఒలిచి ఎండకు పట్టి చూసి ఆగిపోయింది. "అమ్మో. ఇది తక్కువ కాస్తే ఏం, దీనికే ఎక్కువ ఇస్తారు," అంది. ఫాకుందా గుండె ఉప్పొంగింది. తల్లి పక్కటెముకకు ఇన్నేళ్ళకు విలువ కట్టినట్టయింది.

రెండో కంకి ఒలిచారు. చారల్లేవు. మొద్దు ఎరుపు, అంతే. మూడోది చారలు. నాలుగోది మళ్ళీ మొద్దెరుపు. ఒలిచిన కొద్దీ సగం సగం అలాగే వచ్చాయి. బేరగత్తె చేతులు దులుపుకుంది.

"ఇది కల్తీ అయిపోయిందమ్మా. దీన్ని విత్తితే వచ్చే ఏడు ఇంకా పాడవుతుంది. ఉడకబెట్టుకోండి."

ఉడకబెట్టుకోండి! తండ్రి అన్న మాటే. ఫాకుందా చేతిలో ఉన్న ఎర్ర కంకితో బాసిలియా నోటి మీద కొట్టింది. గింజలు చెదిరి కళ్ళమంతా పడ్డాయి. బాసిలియా పెదవి చీలింది.

"నీ పైమడి పుప్పొడి నా మీద పోశావు కదే! మెత్తగా మాట్లాడుతూ నా ఇల్లు కూల్చావు కదే!"

బాసిలియా పెదవి తుడుచుకుని గట్టిగా చెప్పింది. "కళ్ళు తెరిచి చూడు కొమాద్రె. ఈ ఏటి మరక ఈ ఏటి కంకి మీద కనిపిస్తుందా? గింజ తోలు తల్లిది. పుప్పొడి తెచ్చిన తండ్రి రంగు, ఆ గింజ నాటితే వచ్చే కంకి మీద తేలుతుంది. ఇది పోయినేడు పడ్డ మరక. పోయినేడు నేను నీ దరిదాపుల్లో లేను, కొండవాలున వేసుకున్నాను. నీ మడి పక్కన ఏముందో గుర్తు తెచ్చుకో."

"పోయినేడు నా మడి పక్కన గాలి తప్ప ఏమీ లేదు! గుడి సిలువ మీద ఒట్టు!"

ఫాకుందా ఒట్టు వేస్తే లోయలో కాదనేవాళ్ళు లేరు. ఆమె ఎవరినైనా కొడుతుంది గానీ అబద్ధమాడదు. ఒట్టు నిజమైతే ఎరుపు ఎక్కడిది? ముదురు రంగు కంకి పండించేది బాసిలియా ఒక్కతే కదా, వాలు నుంచి గాలి వీచి ఉంటుంది, లేదా తనే వచ్చి దులిపి ఉంటుంది. అందరి కళ్ళూ అలా తిరిగాయి. బేరగత్తె మాత్రం తగాదాతో పని లేకుండా ద్రాక్షకంకులు బండికెత్తించి, వచ్చే ఏడు ఊరంతా ఇదే వెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత నెలలు పాడు నెలలు. ఎవరో బాసిలియా కుక్కను రాళ్ళతో కొట్టి చంపారు. బాసిలియా మరిది హిలారియోను వాగు దగ్గర పట్టుకుని నీళ్ళలో ముంచాడు, హిలారియో కాళ్ళు ఈసారి పరిగెత్తలేదు. ఫాకుందా వెళ్ళి ఆ మరిది ఇంటి తలుపు గొడ్డలితో రెండు చెక్కలు చేసింది. తొరిబియో వచ్చి అందరినీ తిట్టాడు. "క్రిస్మస్ ఎందుకుంది? దాచుకోండి. దాచుకోవడం చేతకాకపోతే నా కొరడా ఉంది," అన్నాడు.

విత్తనాల వేళకు బాసిలియా తన గింజలు దాదాపు అన్నీ మూడు మళ్ళలో వేసేసింది. ఆ పంట నుంచి ప్రతి ఇంటికీ విత్తనం పంచాలని ఆమె ఆశ. ఫాకుందా పొయ్యి మీద పాత దండలో ఇంకా మిగిలి ఉన్న, చారలు చెక్కుచెదరని కంకులు దించి, అవే విత్తింది. ఇవి తేటవి, ఇవి నా తల్లివి అనుకుంది.

క్రిస్మస్ నాడు వైలియా అనే పండగ పాట సన్నగొంతుల్లో సాగుతుంటే ఫాకుందా బరిలోకి నడిచింది. పిడికిళ్ళకు నేత గుడ్డ చుట్టుకుంది.

"బాసిలియా వల్యా! నా తల్లి విత్తనం చెరిచినందుకు! నేను గెలిస్తే నీ మొక్క ఒక్కటీ నేల మీద ఉండకూడదు!"

జనంలోంచి బాసిలియా వచ్చింది. ఆమె జీవితంలో బరి తొక్కలేదు. టోపీ తీసి అక్క చేతికిచ్చింది. "నువ్వు ఓడితే?"

"నా విత్తనం నా చేత్తో కాలుస్తా."

"సరే," అంది బాసిలియా. కొమాద్రెల మీద చెయ్యి చేసుకోకండే అని ఎవరో ముసలమ్మ అరిచింది. తొరిబియో కొరడా నేల మీద చరిచాడు.

మొదటి దెబ్బ బాసిలియాది. గుడ్డిగా వచ్చి ఫాకుందా చెవి మీద తగిలింది. ఫాకుందా నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఎడమ పిడికిలి పొట్టలో దింపి, బాసిలియా వంగగానే కుడి పిడికిలి కింది నుంచి ముఖం మీదికి లేపింది. పళ్ళు కొరికిన చప్పుడు వెనక వరసల దాకా వినిపించింది. బాసిలియా మోకాళ్ళ మీద పడింది. ఫాకుందా వెనక్కి జరిగి ఆగింది. బాసిలియా లేచింది. నోట్లోంచి నెత్తురు ఉమ్మి, తల వంచి గొర్రెపొట్టేలులా వచ్చి గుద్దింది. ఇద్దరూ దుమ్ములో దొర్లారు, పెద్దలు కొరడాలతో విడదీశారు. మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ఫాకుందా వంకర వేలు ముందుకు పొడుచుకుని ఉన్న ఆ పిడికిలి బాసిలియా ఎడమ కంట్లో దిగింది. మెత్తగా తగిలిందని ఫాకుందాకే తెలిసింది. ఆగాలని తోచింది, కానీ చెయ్యి ఆగలేదు, అదే చోట ఇంకోసారి దిగింది.

బాసిలియా ఈసారి లేవలేదు. లేపారు. కన్ను మూసుకుపోయింది, చెంప మీద నెత్తుటి గీతలు సన్నగా కారుతున్నాయి. కావిలించుకోమని తొరిబియో అన్నాడు. బాసిలియా చేతులు చాచింది. ఫాకుందా రవిక ముందంతా ఎర్రబడింది. గెలిచిన సంతోషం ఆమెకు నిజంగానే కలిగింది, దాచుకోలేదు. ఆ సాయంత్రం తాగి, పాడి, హిలారియోను ఎత్తి తిప్పింది.

మర్నాడు బాసిలియా తన మూడు మళ్ళలోకి ఒంటరిగా దిగింది. ముఖం వాచి ఒక కన్ను కట్టు కింద ఉంది. మోకాలెత్తు మొక్కలను వేళ్ళతో సహా పీకి గట్టు మీద పడేసింది. అక్క సాయానికి వస్తే రావద్దంది. మళ్ళు ఖాళీ అయ్యాక ఇంటికెళ్ళి, తిండికని అట్టేపెట్టుకున్న కంకులు కూడా పందికి వేసింది. "ఒక్క గింజ ఉన్నా మళ్ళీ నా నోరు కొడతారు," అంది. ఫాకుందా గోడ మీదనుంచి చూస్తూ నిలబడింది. ఆపలేదు. గెలిచినవాళ్ళు ఆపరు, అది మా రివాజు. బాసిలియా ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పొర పడింది, చూపు మళ్ళీ రాలేదు.

కోతలు వచ్చాయి. ద్రాక్షకంకి విత్తనం కోసం ఆగి మిగతా ఊరు దుంపలే వేసుకుంది కాబట్టి ఆ ఏడు లోయలో చుట్టుపక్కల ఇంకే మొక్కజొన్నా లేదు. ఫాకుందా పంట ఒక్కటే. చొప్ప నరికి, కళ్ళంలో మొగుడూ పెళ్ళాలు కూర్చుని ఒలిచారు. మొదటి కంకి మొద్దెరుపు.

ఫాకుందా దాన్ని పక్కన పెట్టింది. రెండోది చారలు. మూడోది మొద్దెరుపు. నాలుగోదీ. ఆమె వేళ్ళు వేగంగా ఒలుస్తున్నాయి, కంకులు పక్కకు విసురుతున్నాయి. సగం సగం. తేట విత్తనం, ఖాళీ నేల, పక్కన బాసిలియా లేదు. అయినా సగం సగం.

హిలారియో ఒక ఎర్ర కంకి తీసి గోరుతో గీకాడు. "ఈ రంగు ఎక్కడో చూశానే. ఆ ద్రాక్షది కాదు, దానికి మెరుపుంటుంది. ఇది మన అబ్బాయి పెళ్ళి ఎర్రది కాదూ? అంచున వేశాం, చిచా కాయడానికి," అన్నాడు మామూలుగా.

అన్నాక అతని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

పెళ్ళి ఎర్రదాన్ని మా లోయలో ఎవరూ పంటలో లెక్కెయ్యరు. ఇంట్లో పెళ్ళి కుదిరితే మడి అంచున ఒక వరస వేస్తారు. అది పండగానే మొలకెత్తించి కాచి తాగేస్తారు. మర్చిపోతారు. కూరలేం వండావంటే ఉప్పు పేరు చెబుతామా? ఫాకుందా సిలువ మీద ఒట్టు వేసినప్పుడు ఆమె మనసులో నిజంగానే ఆ వరస లేదు. ఆ చిచా కుండలు కుండలు తాగిన ఊరికీ గుర్తు లేదు. బాసిలియాకూ గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకో అని మాత్రం అంది. దండలో ఏటేటా కొత్త కంకులు కడతారు కదా, పాత దండలోని ఆ తేట కంకులు కూడా పెళ్ళి ఏటివే. వాటి తోలు తల్లిది కాబట్టి చారలు నిలిచాయి. మరక లోపల కూర్చుని ఉంది.

ఫాకుందా లేచి వెళ్ళి గోడకు తల కొట్టుకుంది. ఒకసారి కాదు. హిలారియో వెనకనుంచి నడుము పట్టుకుని లాగాడు.

"ఊరుకో! ఎవరికీ చెప్పకు. బరిలో తీరిపోయింది. కావిలించుకున్నారు. తీరిపోయినదాన్ని తవ్వితే నిన్ను మనిషిలా చూడరు. ఈ కంకులు పందికి వేసేద్దాం, నేనే వేస్తా."

"దాని కన్ను తీశాను, హిలారియో. దాని ఊరిని రెండోసారి పూడ్చాను."

"తీరిపోయింది."

"నీకు తీరింది. నోరు ముయ్యి."

ఆమె ఆ వారమే బస్సెక్కి కుస్కో వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళని మనిషి. దుకాణాల గుమ్మాలు వెతుక్కుంటూ పోయి, బేరగత్తె కట్టిన ద్రాక్షకంకుల దండ ఒకటి కనపడితే కొనుక్కుని, గుండెకు హత్తుకుని తెచ్చింది. విత్తనాల వేళ ఎవరికీ చెప్పకుండా వాగు అవతల నాటింది. రోజూ వెళ్ళి మట్టి తడిమేది. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు నానకుండా గట్టిగా మెరుస్తూ ఉన్నాయి. పురుగు పట్టకుండా బేరగత్తె వాటిని పొయ్యిలో కాల్చి, పైన మెరుగు పూసింది. చచ్చిన గింజలకు నీళ్ళు పోసినందుకు ఫాకుందా అక్కడే కూర్చుని ఏడ్చింది, తనను తను బూతులు తిట్టుకుంది.

క్రిస్మస్ వచ్చింది. ఆమె పిడికిళ్ళకు గుడ్డ చుట్టుకోలేదు. బరి మధ్యకు నడిచేసరికి జనం నవ్వారు. "ఫాకుందాకు ఈ ఏడు ఎవరి పళ్ళు కావాలి?" అని ఎవడో అరిచాడు.

"ఎవరిని పిలుస్తున్నావు? కారణం చెప్పు," అన్నాడు తొరిబియో.

"బాసిలియా వల్యాని. పోయిన క్రిస్మస్‌కి నేను తప్పు కారణంతో పిలిచాను. మరక నాదే. నా కొడుకు పెళ్ళికి వేసిన ఎర్రది. ఆమె చెప్పింది నిజం. ఆమె మొక్కలు ఏ పాపం చెయ్యలేదు!"

పాట ఆగిపోయింది. తొరిబియో ముఖం నల్లబడింది. "అది కారణం కాదు. చచ్చినదాన్ని తవ్వుతున్నావు. ఇన్నేళ్ళ నీ పరువు మట్టిలో కలుపుకోకు. నడు బయటికి." కొరడా ఆమె పిక్కల మీద పడింది. ఆమె కదల్లేదు. రెండోసారి పడింది. చర్మం చిట్లింది.

"ఆగండి పెద్దయ్యా." బాసిలియా టోపీ తీస్తూ బరిలోకి వచ్చింది. "కారణం నా దగ్గర ఉంది. నాకు ఎటూ తీరలేదు. నేనే పిలుస్తున్నాను దీన్ని."

తొరిబియో ఇద్దరినీ మార్చి మార్చి చూసి కొరడా దించాడు.

ఫాకుందా చేతులు వేలాడేసి నిలబడింది. "కొట్టు కొమాద్రె."

"చేతులెత్తు."

"ఎత్తను. కొట్టు."

"గోడను కొట్టడానికి రాలేదు నేను!" బాసిలియా గొంతు చీరుకుపోయింది. "నువ్వు నిలబడి తింటే నీ పాపం దిగిపోతుంది, నాకేం మిగుల్తుంది? నన్ను కొట్టినట్టే కొట్టు. ఎత్తు చేతులు, లంజా, ఎత్తు!"

ఫాకుందా చేతులెత్తింది. ఎత్తాక నటించడం ఆమెకు చేతకాదు. మొదటి గుద్దు బాసిలియా భుజం మీద నిజంగానే వేసింది. బాసిలియా ఎడమ వైపు ఏం వస్తుందో కనపడదు, తల తిప్పి తిప్పి చూస్తోంది. ఆ తల తిప్పడం చూసి ఫాకుందా చేతులు కాస్త దిగాయి. అదే అదనుగా బాసిలియా పిడికిలి ఆమె ముక్కు మీద పడింది. ఎముక విరిగింది. కళ్ళు నీళ్ళు, నెత్తురు, ఏదీ కనపడలేదు. ఇంకోటి చెవి మీద, ఇంకోటి గొంతు మీద. ఫాకుందా పడింది. బాసిలియా వెనక్కి జరిగి ఆగింది. ఫాకుందా లేచింది. మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఒకసారి బాసిలియా పొట్టలో గట్టిగా దించింది కూడా, బాసిలియా మూలిగి, ఆ మూలుగుతోనే ఇంకా కసిగా మీద పడింది. చాలు చాలని ఆడవాళ్ళు అరుస్తున్నారు. చాలని ఆ ఇద్దరికీ అనిపించలేదు. ఆఖరికి ఫాకుందా మోకాళ్ళ మీద నుంచి లేవబోయి లేవలేకపోయింది. అక్కడే చేతులు నేలకు ఆన్చి ఉండిపోయింది. బాసిలియా చేతులు కూడా ఇక లేవడం లేదు. రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి, చూపు లేని దానిలోంచి కూడా.

"అయిపోయింది," అన్నాడు తొరిబియో. "కావిలించుకోండి."

బాసిలియా వంగి ఆమెను చంకల కింద చేతులు వేసి లేపింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు బరువు వేసి నిలబడ్డారు.

"నీ విత్తనం ఉందా?" అంది బాసిలియా ఆమె చెవిలో.

"చారలవి ఏరి ఉంచాను. ఏటేటా ఏరుతూ పోతే ఎప్పటికో మళ్ళీ తేటపడుతుంది."

"నాది తేటపడదు."

"కుస్కో వెళ్ళాను. దండ తెచ్చి నాటాను. మొలవలేదు."

బాసిలియా ఊపిరి ఫాకుందా మెడ మీద వేడిగా తగులుతోంది. "పెరికేటప్పుడు మొక్కల వేళ్ళకు మట్టి అంటుకుని వచ్చింది, కొమాద్రె. బాగా పట్టుకుంది ఈ నేల. మా ఊళ్ళో కంటే బాగా పట్టుకుంది," అంది.

ఫాకుందా ఆమెను ఇంకా గట్టిగా పట్టుకుంది. విరిగిన ముక్కు బాసిలియా భుజానికి ఒత్తుకుంటే ప్రాణం పోతున్నట్టు నొప్పి పుట్టినా వదల్లేదు. తొరిబియో ఇద్దరి భుజాల మీదా తట్టాడు. తర్వాత దిగాల్సిన గొర్రె తగాదా వాళ్ళు బయట పిడికిళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఎదురు చూస్తున్నారు, బరి ఖాళీ చెయ్యాలి.